రైలు టికెట్‌కి ట్రావెల్ వోచర్ వాడాలా, డబ్బే కట్టాలా?

రైలు రద్దయిందనో, గంటలకొద్దీ లేటయిందనో కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. అందులో పైన రంగు బటన్ మీద ‘ట్రావెల్ వోచర్ తీసుకోండి’ అని పెద్దగా ఉంటుంది, బాగా కిందికి వెళ్తే సన్న అక్షరాల్లో ‘రీఫండ్ కావాలంటే ఇక్కడ నొక్కండి’ అని ఒక లింకు కనిపిస్తుంది. చాలామంది పైదే నొక్కేస్తారు. వోచర్ అయితే నిమిషంలో వచ్చేస్తుంది, రీఫండ్ అంటే ఫారం నింపాలి, బ్యాంకు వివరాలు ఇవ్వాలి, వారాల తరబడి ఎదురుచూడాలి, ఎలాగూ మళ్లీ రైలు ఎక్కుతాం కదా అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే నొక్కాను. ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాక, ఆ సంగతి కింద చెప్తాను, ప్రతి వోచర్ షరతులూ మొదటి నుంచి చివరి దాకా చదవడం మొదలుపెట్టాను.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండూ ఇస్తామంటే డబ్బు తీసుకోండి. వోచర్ ఇప్పటికే చేతిలో ఉంటే, తప్పకుండా చేయబోయే ప్రయాణానికి, వీలైనంత తొందరగా, వీలైతే ఒకే టికెట్ మీద ఖర్చుపెట్టేయండి. ప్రయాణం ఖాయం కాకపోతే వోచర్ జోలికి పోకుండా డబ్బు కట్టి, రీఫండ్ వచ్చే టికెట్ కొనుక్కోండి. వీటికి మినహాయింపులు ఉన్నాయి, డబ్బు పోయేదీ మిగిలేదీ ఎక్కువగా ఆ మినహాయింపుల దగ్గరే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

అన్నిటినీ వోచర్ అనే పిలుస్తారు గానీ వాడబోయేటప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు.

కాగితం వోచర్ అన్నిటికన్నా ఇబ్బందైనది. బ్రిటన్‌లో రైలు కంపెనీలు ఏళ్ల తరబడి పరిహారం కింద ఇస్తూ వచ్చిన రైల్ ట్రావెల్ వోచర్లు ఇలాంటివే, వాటిని స్టేషన్‌లో టికెట్ కౌంటర్ దగ్గర ఇచ్చి టికెట్ తీసుకోవాలి, టికెట్ మెషీన్‌లో పనిచేయవు. కౌంటర్ ఉండాలి, అది తెరిచి ఉండాలి, మీరు అక్కడి దాకా వెళ్లాలి. 2023 జులైలో ఇంగ్లండ్‌లో చాలా స్టేషన్లలో టికెట్ కౌంటర్లు మూసేస్తామని ప్రతిపాదన వచ్చినప్పుడు జనం పెద్ద ఎత్తున అభ్యంతరం చెప్పారు, చివరికి అక్టోబర్ 31న ప్రభుత్వమే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోమని కంపెనీలకు చెప్పింది. అది అమలై ఉంటే కాగితం వోచర్ దాచుకున్నవాళ్లకు దాన్ని మార్చుకునే చోటు కోసమే వేరే ఊరు వెళ్లాల్సిన పరిస్థితి వచ్చేది. మీ దగ్గర కాగితం వోచర్ ఉంటే మిగతాదంతా తర్వాత చదవండి, ముందు మీకు దగ్గర్లో ఏ కౌంటర్ దాన్ని తీసుకుంటుందో కనుక్కోండి.

కోడ్ రూపంలో వచ్చే ఈ-వోచర్ దానికన్నా నయం. అమెరికాలో ఆమ్‌ట్రాక్ అనే రైలు సంస్థ టికెట్ రద్దు చేసుకున్నప్పుడు దాని విలువను ఈ-వోచర్‌గా ఉంచుకోవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పేజీలో కోడ్ కొడితే చాలు. ఇలాంటివాటిలో చూసుకోవాల్సింది మూడు విషయాలు: ఒక బుకింగ్‌లో ఎన్ని కోడ్‌లు పడతాయి, మిగిలిన బ్యాలెన్స్ ఉంటుందా పోతుందా, మీ పేరు మీద మాత్రమే వాడాలా ఇంట్లో వేరేవాళ్ల ప్రయాణానికి కూడా వాడొచ్చా.

ఖాతాలో ఉండే బ్యాలెన్స్ ఇంకో రకం. ఇక్కడ చాలామంది ఒక తేడా గమనించరు. భారత్‌లో ఐఆర్‌సీటీసీ ఈ-వాలెట్ లాంటిదాంట్లో ఉండేది మీరు ముందుగా వేసుకున్న మీ సొంత డబ్బు, దాంతో కొన్న టికెట్ రద్దు చేస్తే రీఫండ్ మళ్లీ ఆ వాలెట్‌లోకే వస్తుంది. కంపెనీ పరిహారంగా వేసిన క్రెడిట్ అలాంటిది కాదు, దానికి గడువు ఉంటుంది, దాన్ని బ్యాంకుకు పంపుకోలేరు. రెండూ ఒకే తెరమీద ఒకే అంకెగా కలిపి చూపించే యాప్‌లు ఉన్నాయి, అలాంటప్పుడు లోపలికి వెళ్లి ఏది ఎంతో విడిగా చూసుకోండి, ముందు గడువున్నది ఖర్చవుతుందో లేదో కూడా చూడండి.

ఇక రైలు కంపెనీ కాకుండా మధ్యలో ఉండే బుకింగ్ యాప్ ఇచ్చే క్రెడిట్. నా మటుకు నేను దీన్ని అన్నిటికన్నా కింద పెడతాను. అది ఆ యాప్‌లోనే పనిచేస్తుంది, చాలాసార్లు దాని సర్వీస్ చార్జీ మీద పడుతుంది, తర్వాత రైలు రద్దయితే రైలు కంపెనీ డబ్బు యాప్‌కి ఇస్తుంది, యాప్ మీకు మళ్లీ క్రెడిట్ ఇస్తుంది, అలా ఆ మొత్తం బయటికి రాకుండా లోపలే తిరుగుతూ ఉంటుంది. విమానమో హోటలో రద్దయినందుకు ట్రావెల్ సైట్ ఇచ్చిన క్రెడిట్‌ని రైలుకి వాడదామనుకుంటే, షరతుల్లో ఏ సేవలకు చెల్లుతుందో రాసిన వాక్యం ముందు చదవండి, రైలు టికెట్లను మినహాయించడం చాలా మామూలు విషయం.

డబ్బు అడిగే హక్కు మీకు ఉందా?

ఉన్నచోట వోచర్ తీసుకోవడానికి బలమైన కారణం ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో రైలు ప్రయాణికుల హక్కుల మీద 2021/782 అనే నిబంధన 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉంది. రైలు 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25%, 120 నిమిషాలు, ఆపైన అయితే 50% పరిహారం, అదీ అడిగిన నెల రోజుల్లోగా ఇవ్వాలి. ఈ పరిహారం కంపెనీ వోచర్‌గా ఇవ్వొచ్చు, కానీ ప్రయాణికుడు డబ్బే కావాలంటే డబ్బే ఇవ్వాలి. రైలు రద్దయి, లేదా బాగా ఆలస్యమవుతుందని తెలిసి ప్రయాణం మానుకుంటే ఇచ్చే పూర్తి రీఫండ్ సంగతికొస్తే, వోచర్‌గా ఇవ్వాలంటే ప్రయాణికుడు ఒప్పుకోవాలి.

ఆ ఒప్పుకోవడం అనేది ఎక్కడ జరుగుతుందో చూడండి. మెయిల్‌లో పైన కనిపించే ఆ రంగు బటన్ దగ్గరే. అది నొక్కాక ‘నాకు డబ్బు కావాలి’ అంటే, మీరు వోచర్‌కి ఒప్పుకున్నారు కదా అంటారు. అందుకే మెయిల్ వచ్చిన వెంటనే ఏదీ నొక్కకండి, ఒక గంట ఆగి రెండు దారులూ చదివాక నొక్కండి.

జర్మనీలో డాయిష్ బాన్ అనే రైలు సంస్థ పరిహారం ఫారంలోనే వోచర్ కావాలా, ఖాతాకు బదిలీ కావాలా అని అడుగుతారు, గళ్లో టిక్ పెట్టడమే. బ్రిటన్‌లో డిలే రిపే పథకం కింద 30 నుంచి 59 నిమిషాల ఆలస్యానికి వన్‌వే టికెట్ ధరలో సగం, గంట దాటితే పూర్తి ధర అడగొచ్చు, చాలా కంపెనీలు 15 నిమిషాల నుంచే పావు వంతు ఇస్తాయి, ప్రయాణమైన 28 రోజుల్లోగా క్లెయిమ్ చేయాలి, డబ్బు రూపంలోనే అడగొచ్చు. ఈ 28 రోజుల గడువు దాటిపోయి ఏమీ రానివాళ్లు, వోచర్ తీసుకుని నష్టపోయినవాళ్లకన్నా ఎక్కువే ఉంటారని నా అనుమానం.

హక్కు లేనిచోట లెక్క మారుతుంది. ఫ్రాన్స్‌లో ఎస్‌ఎన్‌సీఎఫ్ అనే రైలు సంస్థ 30 నిమిషాలు దాటిన ఆలస్యానికే కొంత పరిహారం ఇస్తుంది. గంట లోపు ఆలస్యానికి చట్టం ఏమీ ఇవ్వమనదు, కంపెనీ తనంతట తాను ఇస్తోంది కాబట్టి అది వోచర్ రూపంలో ఉంటుంది. గంట దాటితే వోచరో డబ్బో మీ ఇష్టం. ఇలా అదనంగా వచ్చే వోచర్‌ని వద్దనడంలో అర్థం లేదు, తీసుకోండి, వాడుకోండి. మీకు చట్టప్రకారం రావాల్సిన డబ్బు స్థానంలో వచ్చే వోచర్ దగ్గరే జాగ్రత్త.

మంచి వోచర్ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి నేను 2020 మే 13న యూరోపియన్ కమిషన్ చేసిన సిఫారసుని కొలబద్దగా వాడతాను. కరోనా సమయంలో ప్రయాణాలన్నీ ఆగిపోయి, కంపెనీల దగ్గర రీఫండ్ ఇవ్వడానికి చేతిలో డబ్బు లేక అందరూ వోచర్లు ఇస్తున్న రోజులవి. వోచర్ తీసుకోవడం ప్రయాణికుడి ఇష్టమే, కానీ అది నమ్మకంగా తీసుకునేలా ఉండాలంటే కనీసం 12 నెలలు చెల్లాలి, వాడకుండా మిగిలిపోతే డబ్బు వెనక్కి రావాలి, అదనపు ఖర్చు లేకుండా వేరొకరికి ఇచ్చేలా ఉండాలి, కంపెనీ దివాలా తీసినా ప్రయాణికుడికి రక్షణ ఉండాలి అని అందులో రాశారు. సిఫారసే కాబట్టి అది ఎవరినీ కట్టిపడేయలేదు. అయినా మీకు ఇస్తున్న వోచర్‌ని ఈ నాలుగింటితో పోల్చి చూడండి. ముఖ్యంగా ఆ చివరిది. కంపెనీ మూతపడితే వోచర్ ఉన్నవాళ్లు అప్పులవాళ్ల వరసలో చాలా వెనక నిలబడతారు, వాళ్ల దాకా ఏమైనా వస్తుందనే భరోసా ఉండదు.

డబ్బైతే 100, వోచరైతే 120 అంటే?

ఇది నిజంగా ఆలోచించాల్సిన బేరం. 100ని 120తో భాగిస్తే సుమారు 83% వస్తుంది. అంటే ఆ వోచర్‌ని గడువులోగా పూర్తిగా వాడేస్తారనే నమ్మకం మీకు 83% కన్నా ఎక్కువ ఉంటేనే వోచర్ లాభం. 110 ఇస్తామంటే ఆ నమ్మకం 91% ఉండాలి. ఎవరైనా ‘తప్పకుండా వాడతాను’ అనే అనుకుంటారు గానీ, పోయిన ఏడాది అదే కంపెనీ రైలు ఎన్నిసార్లు ఎక్కారో వెనక్కి తిరిగి లెక్కపెడితే నిజం తెలుస్తుంది. వారం వారం అదే మార్గంలో వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని వోచర్ తీసుకోవచ్చు, వాళ్లకి అది దాదాపు డబ్బే. ఏడాదికోసారి ఎక్కేవాళ్లకి 120 కూడా తక్కువే.

ఇంకో సంగతి, ఎక్కువ విలువ ఉందని ఎక్కాల్సిన అవసరం లేని రైలు ఎక్కడం, అవసరం లేకపోయినా పై తరగతి టికెట్ కొనడం కూడా జరుగుతుంటుంది. ఎలాగూ కొనబోయే టికెట్‌కి వాడితేనే ఆ 20 మీకు మిగిలినట్టు.

గడువు అంటే ఏ గడువు?

ఇక్కడే నేను దెబ్బతిన్నది. ఒక రైలు కంపెనీ నాకు ఆలస్యానికి పరిహారంగా ఏడాది గడువుతో వోచర్ ఇచ్చింది. వాడకుండా దాచుకుని దాచుకుని పదకొండో నెలలో, రెండు నెలల తర్వాత ఉన్న ప్రయాణానికి రానూపోనూ టికెట్ కొన్నాను. పూర్తి రీఫండ్ వచ్చే టికెట్టే, దానికోసం ధర కూడా ఎక్కువే పెట్టాను, ఎందుకంటే వెళ్తామో లేదో అనే టెన్షన్ ఉంది. అనుకున్నట్టే ప్రయాణం ఆగిపోయింది, టికెట్ రద్దు చేశాను, ‘మీ రీఫండ్ పూర్తయింది’ అని మెయిల్ కూడా వచ్చింది. చూస్తే ఆ మొత్తం పాత వోచర్ కోడ్‌లోకి వెళ్లింది, ఆ కోడ్ గడువు అప్పటికి మూడు వారాల క్రితమే అయిపోయింది. ఫోన్ చేస్తే వాళ్లు షరతుల్లో ఒక వాక్యం చదివి వినిపించారు: వోచర్‌తో కొన్న టికెట్ రీఫండ్ వోచర్‌గానే వస్తుంది, మొదటి గడువు మారదు. వాక్యం అక్కడ ఉంది, నిజమే. కానీ రీఫండ్ అనే మాట చూసి డబ్బు భద్రంగా ఉందనుకునే మనిషికి అది ఎంత అన్యాయంగా అనిపిస్తుందో ఆ రోజు బాగా అర్థమైంది.

కాబట్టి గడువు తేదీ కనిపించగానే దాని అర్థం ఏమిటో తేల్చుకోండి. కొన్నింటిలో ఆ తేదీలోగా బుక్ చేస్తే చాలు, ప్రయాణం తర్వాతైనా పర్లేదు. కొన్నింటిలో ఆ తేదీలోగా రైలు ఎక్కాలి. ఇంకొన్నింటిలో తిరుగు ప్రయాణంతో సహా మొత్తం పూర్తవ్వాలి. ఇచ్చిన రోజు నుంచి లెక్కా, లేక మొదటి టికెట్ కొన్న రోజు నుంచి లెక్కా అన్నది కూడా చూడాలి, పాత టికెట్ విలువనే వోచర్‌గా మార్చినప్పుడు ఈ రెండింటి మధ్య నెలల తేడా రావచ్చు. చాలా కంపెనీలు టికెట్ల బుకింగ్‌ని ప్రయాణానికి కొన్ని నెలల ముందే తెరుస్తాయి, కాబట్టి ‘బుక్ చేస్తే చాలు’ అన్న వోచర్ అయితే గడువు చివర్లో కూడా దూరంగా ఉన్న ప్రయాణానికి వాడుకునే వీలుంటుంది, ‘ఎక్కాలి’ అన్నదైతే ఆ వీలు ఉండదు.

ఏ టికెట్ మీద పెట్టాలి?

నా అనుభవంతో తేలిన పద్ధతి చాలామంది చేసేదానికి వ్యతిరేకంగా ఉంటుంది. మనం సాధారణంగా ఖాయమైన ప్రయాణానికి డబ్బు కట్టి, ఖాయం కానిదానికి ‘ఎలాగూ వోచరే కదా’ అని వోచర్ వాడతాం. తిప్పి చేయాలి. పరీక్ష రాయడానికో, ఉద్యోగంలో చేరడానికో వెళ్తున్నారు, తేదీ మారదు, అలాంటి ప్రయాణానికి రీఫండ్ లేని తక్కువ ధర టికెట్ తీసుకుని దానిమీద వోచర్ పెట్టేయండి, పని అయిపోతుంది. వెళ్తారో లేదో తెలియని ప్రయాణానికి మాత్రం సొంత డబ్బుతో రీఫండ్ వచ్చే టికెట్ కొనండి, రద్దు చేసినా డబ్బు డబ్బుగానే తిరిగొస్తుంది. రీఫండ్ ఉంటుందని ఎక్కువ ధర పెట్టిన టికెట్‌ని వోచర్‌తో కొంటే, ఆ ఎక్కువ పెట్టిన దానికి ఫలితం సగం కూడా దక్కదు.

వోచర్ వాడటానికి ముందు అదే రైలు, అదే తరగతి, వేరే చోట ఎంతకి దొరుకుతోందో తప్పకుండా చూడండి. ఒక లెక్క చెప్తాను. మీ దగ్గర 50 విలువైన వోచర్ ఉంది, అది కౌంటర్లోనే చెల్లుతుంది, కౌంటర్లో టికెట్ 140. అదే టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే 85. వోచర్ వాడితే మీ జేబులోంచి 90 పోతుంది, వాడకపోతే 85. అంటే వోచర్ వాడి మరీ 5 నష్టపోయారు, వోచర్ కూడా ఖర్చయిపోయింది. ఇలాంటప్పుడు దాన్ని అప్పటికప్పుడు కొనాల్సి వచ్చే ప్రయాణం కోసం అట్టేపెట్టుకోవడం మేలు, ఎందుకంటే చివరి నిమిషంలో తక్కువ ధర టికెట్లు చాలాసార్లు మిగలవు.

బ్యాలెన్స్ విషయం కూడా ధరతో ముడిపడిందే. 100 వోచర్‌తో 62 టికెట్ కొంటే మిగతా 38 కొన్నిచోట్ల అదే కోడ్‌లో ఉంటుంది, కొన్నిచోట్ల కొత్త కోడ్‌గా వస్తుంది, కొన్నిచోట్ల పోతుంది. పోయే రకం అయితే వోచర్ కన్నా ఖరీదైన టికెట్ మీదే వాడండి, తేడా కార్డుతో కట్టండి. తోడుగా వచ్చేవాళ్ల టికెట్ కూడా అదే బుకింగ్‌లో కలిపితే చాలాసార్లు సరిపోతుంది, పేరు షరతు లేకపోతేనే సుమా.

రెండు వోచర్లు ఉండి ఒక బుకింగ్‌లో ఒక్కటే పడుతుందంటే, ప్రయాణాన్ని మధ్యలో విరిచి రెండు టికెట్లుగా కొందామనే ఆలోచన అందరికీ వస్తుంది. మధ్యలో రైలు మారాల్సిన ప్రయాణమైతే వద్దనే చెప్తాను. యూరప్ నిబంధన ప్రకారం ఒకే కంపెనీ దగ్గర ఒకే లావాదేవీలో మొత్తం ప్రయాణం కొంటే, మొదటి రైలు లేటై రెండోది తప్పిపోయినా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత, మొత్తం ప్రయాణానికి లెక్కగట్టి పరిహారం ఇచ్చే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే మీరే దారిలో నిలబడి రెండో టికెట్ మళ్లీ కొనుక్కోవాల్సి రావచ్చు. దానికి బదులు వెళ్లే టికెట్‌కి ఒక వోచర్, తిరుగు టికెట్‌కి ఒక వోచర్ వాడండి, కాకపోతే రెండు వన్‌వేలు కలిపి రానూపోనూ టికెట్ కన్నా ఖరీదు కాకుండా ఉంటేనే.

వోచర్ కోడ్, ప్రోమో కోడ్ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. ప్రోమో కోడ్ ధర తగ్గిస్తుంది, వోచర్ ఆ తగ్గిన ధర కట్టడానికి పనికొస్తుంది. రైల్‌కార్డు లాంటి తగ్గింపు ఉంటే అది ముందు టికెట్ ఎంచుకునే దగ్గర పెట్టాలి, వోచర్ ఆఖర్న డబ్బు కట్టే దగ్గర. సైట్‌లో కోడ్ కొట్టడానికి ఒక్కటే గడి ఉండి, రెండింట్లో ఒకదాన్నే తీసుకుంటుంటే ప్రోమో కోడ్ వాడి మిగతాది డబ్బు కట్టండి, వోచర్ గడువు ఇంకా ఉంటే అది తర్వాతికి మిగులుతుంది.

కార్డు ఇచ్చే ట్రావెల్ క్రెడిట్

ఇది కోడ్ రూపంలో రాదు. కొన్ని క్రెడిట్ కార్డులు ఏడాదికి ఇంత అని ట్రావెల్ క్రెడిట్ ఇస్తాయి, మీరు టికెట్‌ని మామూలుగా కార్డుతో కొంటే ఆ మొత్తం తర్వాత బిల్లులో తగ్గిస్తారు. బాగా నచ్చే పద్ధతి ఇది, ఎందుకంటే రైలు కంపెనీ దృష్టిలో మీరు డబ్బు కట్టినట్టే, రీఫండ్ హక్కులన్నీ మామూలుగానే ఉంటాయి. కానీ ఆ కొనుగోలు ప్రయాణం కింద లెక్కకి వచ్చిందా లేదా అన్నది బ్యాంకు ఎవరినీ అడిగి తేల్చదు, అమ్మినవాళ్లది ఏ రకం వ్యాపారమో చెప్పే అంకెల కోడ్ చూసి తేలుస్తుంది. దూరప్రయాణ రైలు సంస్థల కోడ్ 4112, నగరంలో తిరిగే లోకల్ రైళ్లు, మెట్రోల లాంటివి 4111, ట్రావెల్ ఏజెన్సీలు 4722. విమాన ఖర్చులకు మాత్రమే అన్న క్రెడిట్ ఈ మూడింటిలో దేనికీ రాదు. ప్రయాణాలన్నిటికీ అన్నదైతే సాధారణంగా వస్తుంది, అయినా కార్డు షరతుల్లో రైలు అనే మాట ఉందో లేదో చూడండి. ఏజెన్సీ యాప్ ద్వారా కొంటే కోడ్ మారిపోతుందని మాత్రం మర్చిపోవద్దు, అనుమానం ఉంటే నేరుగా రైలు కంపెనీ సైట్లోనే కొనండి. అలా క్రెడిట్ పొందిన టికెట్‌ని తర్వాత రద్దు చేస్తే, బ్యాంకు ఆ క్రెడిట్‌ని వెనక్కి తీసుకోవచ్చు కూడా.

కొన్న గిఫ్ట్ కార్డు, పరిహారంగా వచ్చిన వోచర్

ఎవరో డబ్బు పెట్టి కొని ఇచ్చిన గిఫ్ట్ కార్డుకి చట్టం ఎక్కువ రక్షణ ఇస్తుంది. అమెరికాలో 2009 నాటి క్రెడిట్ కార్డ్ చట్టం వల్ల, 2010 ఆగస్టు 22 నుంచి, అమ్మిన గిఫ్ట్ కార్డుల్లోని డబ్బుకి కనీసం అయిదేళ్ల గడువు ఉండాలి. ఐర్లండ్‌లో 2019 డిసెంబర్ నుంచి గిఫ్ట్ వోచర్లకూ అయిదేళ్లే. ప్రచారం కోసం, బహుమతిగా ఉచితంగా ఇచ్చేవాటికి అమెరికా చట్టం వర్తించదు. అందుకే మీ దగ్గర గిఫ్ట్ కార్డు, పరిహారపు వోచర్ రెండూ ఉంటే ముందు వోచర్ ఖర్చుపెట్టండి, గిఫ్ట్ కార్డు ఆగుతుంది.

ప్రయాణాల మీద కంపెనీ ఖాతాలో జమయ్యే పాయింట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక పాయింట్ ఎంత విలువ చేస్తుందో కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దాచుకుంటే పెరగవు. వోచర్ గడువు దగ్గరపడిందా అన్నది చూసి, దగ్గరపడితే వోచర్, లేకపోతే పాయింట్లు.

బయట ఎవరో తక్కువకి అమ్ముతున్న వోచర్ కోడ్‌లు కొనకండి. కోడ్ అంటే తెలిసినవాళ్లెవరైనా వాడేసుకోగలిగే అంకెలు, మీకు అమ్మినవాడు అదే కోడ్‌ని ఇంకో పదిమందికి అమ్మి ఉండొచ్చు. మీ కోడ్ స్క్రీన్‌షాట్ కూడా ఎవరికీ పంపకండి.

నొక్కే ముందు రాసి అడగండి

వోచర్ తీసుకోవాలనే నిర్ణయించుకుంటే ఆ బటన్ నొక్కడానికి ముందే కంపెనీకి ఒక మెయిల్ పంపండి, ఫోన్ కాదు, రాతలో జవాబు ఉండాలి. ఈ తేదీ బుకింగ్‌కా ప్రయాణానికా, దీంతో కొన్న టికెట్ రద్దు చేస్తే డబ్బు దేనిలోకి ఏ గడువుతో వస్తుంది, సగం వోచర్ సగం కార్డుతో కడితే రద్దు చార్జీ దేనిలోంచి కోస్తారు, ఈ మూడూ అడగండి. చివరిది చిన్నగా కనిపిస్తుంది గానీ, చార్జీని కార్డు భాగంలోంచి కోసి మిగతాది వోచర్‌గా తిరిగిచ్చే చోట మీ అసలు డబ్బే ముందు కరిగిపోతుంది.

ఆ జవాబు, వోచర్ మెయిల్, టికెట్ రసీదు మూడూ ఒకే చోట ఉంచండి, ప్రయాణం అయిపోగానే డిలీట్ చేయకండి. వోచర్‌తో కొన్న టికెట్ కూడా టికెట్టే, ఆ రైలు లేటైతే దానికీ పరిహారం అడగండి, అడిగేటప్పుడు వోచర్‌తో కట్టిన భాగాన్ని కూడా కలిపి పూర్తి ధర రాయండి. ఆ ధర రుజువు చేయడానికి కార్డు స్టేట్‌మెంట్ సరిపోదు, అందులో మీరు పైన కట్టిన తేడా మాత్రమే ఉంటుంది, మిగతాది ఆ వోచర్ మెయిల్‌లోనే ఉంటుంది.